ఆఫీసుకో ప్రొఫైల్, ఇంటికో ప్రొఫైల్: బ్రౌజర్‌లో గీత ఎక్కడ గీయాలి?

2023 సెప్టెంబరు 28న ఓక్టా అనే అమెరికన్ సంస్థ కస్టమర్ సపోర్ట్ వ్యవస్థలోకి గుర్తుతెలియని వ్యక్తులు చొరబడ్డారు. అక్టోబరు 17 దాకా వాళ్ల రాకపోకలు సాగాయి. వేల కంపెనీల ఉద్యోగులు రోజూ తమ ఆఫీసు వ్యవస్థల్లోకి లాగిన్ అయ్యేది ఓక్టా సేవల ద్వారానే. ఇతరుల తాళాలకు కాపలా ఉండటమే దాని వృత్తి. అలాంటి చోట 134 ఖాతాదారు సంస్థల ఫైళ్లు పరాయి చేతుల్లో పడ్డాయి. వాటిలో 5 సంస్థల లాగిన్ సెషన్లను దొంగలు తమ చేతిలోకి తీసుకోగలిగారు.

నవంబరు 3న ఓక్టా తన విచారణ వివరాలు బయటపెట్టింది. సంస్థ ఉద్యోగి ఒకరు ఆఫీసు ల్యాప్‌టాప్‌లోని క్రోమ్ బ్రౌజర్‌లో తన వ్యక్తిగత గూగుల్ ప్రొఫైల్‌తో లాగిన్ అయ్యారు. సపోర్ట్ వ్యవస్థకు సంబంధించిన ఒక ఖాతా యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఆ వ్యక్తిగత గూగుల్ ఖాతాలో సేవ్ అయి ఉన్నాయి. ఉద్యోగి సొంత ఖాతాపైనో, సొంత పరికరంపైనో దాడి జరిగి, పాస్‌వర్డ్ అక్కడి నుంచే బయటికి పోయి ఉండే అవకాశం ఎక్కువని సంస్థ పేర్కొంది.

అంతకు ముందు ఏడాది సిస్కో సంస్థకూ ఇలాంటి అనుభవమే ఎదురైంది. అక్కడి ఉద్యోగి ఒకరు ఆఫీసు పాస్‌వర్డ్‌ను బ్రౌజర్‌లో దాచుకున్నారు. పాస్‌వర్డ్ సింక్ ఆన్‌లో ఉండటంతో అది ఆయన వ్యక్తిగత గూగుల్ ఖాతాలోకీ చేరింది. దాడి చేసినవాళ్లు ముందు ఆ ఖాతాను చేజిక్కించుకున్నారు. తర్వాత ఫోన్లు చేసి, నమ్మకంగా మాట్లాడి, రెండో అంచె అనుమతి కూడా ఇప్పించుకుని కంపెనీ నెట్‌వర్క్‌లోకి అడుగుపెట్టారు.

ఈ రెండు సంఘటనల్లోనూ ఆఫీసు రహస్యం ఇంటి ఖాతాలోకి జారిపోయింది. దానికి కావాల్సింది ఒక్క క్లిక్. "ఈ పాస్‌వర్డ్‌ను సేవ్ చేయమంటారా?" అని బ్రౌజర్ అడుగుతుంది, మనం "సరే" అంటాం. హైదరాబాద్‌లో ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అయినా, సొంత ల్యాప్‌టాప్‌లో మార్కులు ఎక్కించే అధ్యాపకురాలైనా, దుకాణం లెక్కలు, ఇంటి కరెంటు బిల్లు ఒకే బ్రౌజర్‌లో చూసుకునే వ్యాపారి అయినా రోజుకు ఒకసారైనా ఈ ప్రశ్న ఎదుర్కొంటారు.

దీనికి చాలామంది చెప్పే మందు బ్రౌజర్ ప్రొఫైల్. ఆఫీసుకు ఒకటి, ఇంటికి ఒకటి పెట్టుకోవాలన్నది సలహా. సలహా మంచిదే. అయితే ప్రొఫైల్ వేటిని విడదీస్తుందో, వేటిని విడదీయదో తెలిసి వాడితేనే ఫలితం ఉంటుంది. ఓక్టా ఉదంతంలోనూ వ్యక్తిగత ప్రొఫైల్ ఉంది. రహస్యం చేరింది అందులోకే.

మతిమరుపు సర్వర్, చెప్పుల స్టాండు టోకెన్

ప్రొఫైల్ అర్థం కావాలంటే ముందు కుకీ గురించి తెలుసుకోవాలి. వెబ్ నడిచే హెచ్‌టీటీపీ పద్ధతికి స్వతహాగా జ్ఞాపకశక్తి లేదు. మీరు ఒక పేజీ అడిగితే సర్వర్ ఇస్తుంది, అక్కడితో ఆ లావాదేవీ ముగిసిపోతుంది. మరుక్షణం రెండో పేజీ అడిగింది కూడా మీరేనని దానికి తెలియదు.

1994లో నెట్‌స్కేప్ సంస్థ ఇంజినీర్ లూ మాంటుల్లి దీనికి ఒక ఉపాయం కనిపెట్టారు. సర్వర్ ఒక చిన్న చీటీ రాసి బ్రౌజర్‌కు ఇస్తుంది. బ్రౌజర్ దాన్ని దాచుకుని, అదే సైటుకు మళ్లీ వెళ్లినప్పుడల్లా చూపిస్తుంది. ఆ చీటీయే కుకీ. ఆన్‌లైన్ దుకాణంలో బుట్టలో వేసుకున్న సరుకులను గుర్తుంచుకోవాల్సిన అవసరం నుంచి పుట్టిన ఆలోచన ఇది.

గుడి దగ్గర చెప్పుల స్టాండుతో దీన్ని పోల్చవచ్చు. అక్కడ మనిషి మీ ముఖం గుర్తుపెట్టుకోడు. టోకెన్ చూపిస్తే ఆ నంబరు చెప్పులు ఇస్తాడు. మీ టోకెన్ ఇంకొకరికి దొరికితే చెప్పులు వాళ్లకే ఇస్తాడు. లాగిన్ కుకీ కూడా అంతే. పాస్‌వర్డ్, ఓటీపీ సరిచూసుకున్నాక సైటు ఒక సెషన్ టోకెన్ ఇస్తుంది. ఆ తర్వాత ప్రతి పేజీకీ అది చూసేది ఆ టోకెన్‌నే. దాన్ని ఎవరైనా కాజేస్తే మళ్లీ పాస్‌వర్డ్ అడగకుండానే చాలా సైట్లు లోపలికి రానిస్తాయి. ఓక్టా దగ్గర పోయిన ఫైళ్లలో కొన్నింటి విలువ కూడా ఇదే. సమస్య ఏమిటో చూపించడానికి ఖాతాదారులు పంపిన ఆ రికార్డింగ్ ఫైళ్లలో సెషన్ టోకెన్లు ఉన్నాయి.

ప్రొఫైల్ లేని బ్రౌజర్‌లో ఆఫీసు మెయిల్ టోకెన్, బ్యాంకు టోకెన్, సినిమా టికెట్ల సైటు టోకెన్ అన్నీ ఒకే సంచిలో ఉంటాయి. ప్రొఫైల్ చేసే మొదటి పని ఈ సంచులను వేరుచేయడం.

ప్రొఫైల్ అంటే ఒక ఫోల్డర్

తెర మీద ప్రొఫైల్ ఒక గుండ్రని బొమ్మలా కనిపిస్తుంది. లోపల మాత్రం అది డిస్కు మీద ఉండే ఒక మామూలు ఫోల్డర్. క్రోమ్‌లో మొదటి ప్రొఫైల్ ఫోల్డర్ పేరు 'డిఫాల్ట్'. తర్వాత చేర్చినవి 'ప్రొఫైల్ 1', 'ప్రొఫైల్ 2' అని వరుసగా వస్తాయి. ఒక్కో ఫోల్డర్‌లో కుకీలకు ఒక ఫైలు, చూసిన పేజీల చరిత్రకు ఒకటి, బుక్‌మార్క్‌లకు ఒకటి, పాస్‌వర్డ్‌లకు ఒకటి ఉంటాయి. వీటిలో చాలావరకు ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ రూపంలోనే ఉంటాయి. రెండు ప్రొఫైళ్లు తెరిచినప్పుడు పనిచేసేది ఒకే బ్రౌజర్ ప్రోగ్రామ్. అది చదివే పుస్తకాలే వేరు.

క్రోమ్‌లో ఈ సౌకర్యం 2011 చివర్లో వచ్చింది. ఎడ్జ్‌లోనూ, ఫైర్‌ఫాక్స్‌లోనూ ప్రొఫైళ్లు ఉన్నాయి. ఆపిల్ సఫారీలోకి 2023లో వచ్చాయి. ఫైర్‌ఫాక్స్‌లో ఇంకో దారి కూడా ఉంది. 2017 నుంచి 'మల్టీ అకౌంట్ కంటైనర్లు' అనే ఎక్స్‌టెన్షన్ దొరుకుతోంది. ఒకే కిటికీలో ఒక ట్యాబ్ ఆఫీసు రంగులో, పక్క ట్యాబ్ ఇంటి రంగులో ఉంటాయి. రెంటికీ కుకీలు వేరు. కానీ చరిత్ర, బుక్‌మార్క్‌లు, పాస్‌వర్డ్‌లు, ఎక్స్‌టెన్షన్‌లు ఉమ్మడివే. ఒకే సైటులో రెండు ఖాతాలు నడపాలనుకునేవారికి అది సరిపోతుంది. ఆఫీసును, ఇంటిని పూర్తిగా విడదీయాలంటే ప్రొఫైలే నయం.

విడదీస్తే ఏం ఒరుగుతుంది?

రోజువారీ చిరాకు ఒకటి వెంటనే తగ్గుతుంది. ఒకే ప్రొఫైల్‌లో రెండు గూగుల్ ఖాతాలతో లాగిన్ అయినవారికి ఇది బాగా తెలుసు. సహోద్యోగి పంపిన డాక్యుమెంట్ లింకు నొక్కితే "మీకు అనుమతి లేదు" అని వస్తుంది. మొదట లాగిన్ అయిన ఖాతాను బ్రౌజర్ ప్రధాన ఖాతాగా ఎంచుకోవడం, అది ఇంటి ఖాతా కావడం ఇందుకు కారణం. ప్రొఫైళ్లు వేరుగా ఉంటే ఈ గందరగోళం ఉండదు.

రెండోది పరువుకు సంబంధించింది. ఆన్‌లైన్ సమావేశంలో తెర అందరికీ చూపిస్తూ చిరునామా పట్టీలో రెండక్షరాలు కొట్టగానే పాత చరిత్ర నుంచి సూచనలు జారిపడతాయి. నిన్న రాత్రి వెతికిన ఆసుపత్రి, అప్పు వివరాలు, వేరే ఉద్యోగ ప్రకటన, ఏదైనా కావచ్చు. ఆఫీసు ప్రొఫైల్‌కు ఇంటి చరిత్ర తెలియదు కాబట్టి అది సూచించేదీ ఉండదు.

మూడోది ఎక్స్‌టెన్షన్‌లు. వీటి గురించి ఆలోచించేవారు తక్కువ. షాపింగ్ కూపన్లు వెతికేవి, స్పెల్లింగ్ దిద్దేవి, వీడియోలు దించేవి చాలావరకు "అన్ని వెబ్‌సైట్లలోని డేటాను చదవడానికి, మార్చడానికి" అనుమతి అడుగుతాయి. ఇచ్చామంటే ఆఫీసు మెయిల్ పేజీ కూడా వాటికి తెరిచిన పుస్తకమే. నమ్మకమైన సంస్థ తయారుచేసినదైనా తర్వాత దారి తప్పవచ్చు. 2024 డిసెంబరు చివర్లో సైబర్‌హేవెన్ అనే భద్రతా సంస్థ ఉద్యోగి ఒకరు ఫిషింగ్ మెయిల్‌కు మోసపోయారు. దాంతో ఆ సంస్థ క్రోమ్ ఎక్స్‌టెన్షన్ స్థానంలో కుకీలు దొంగిలించే నకిలీ రూపం అప్‌డేట్‌గా వెళ్లింది. ఎక్స్‌టెన్షన్‌లు ఏ ప్రొఫైల్‌కు ఆ ప్రొఫైల్‌లోనే విడిగా చేరతాయి. ఇంటి ప్రొఫైల్‌లోని ఎక్స్‌టెన్షన్ చెడిపోతే నష్టం ఆ సంచికే పరిమితం కావడానికి అవకాశం ఎక్కువ.

నాలుగోది ప్రకటనలు. ఇంట్లో ప్రెషర్ కుక్కర్ల ధరలు చూస్తే అవే ప్రకటనలు ఆఫీసు పనిలో ఎదురవడం కుకీల పుణ్యమే. ప్రొఫైళ్లు వేరైతే ఇది తగ్గుతుంది. తగ్గుతుందే తప్ప ఆగిపోతుందని చెప్పలేం.

గోడకు అవతల కూడా గుర్తుపట్టే దారులు

ఎందుకు ఆగదంటే, సైట్లకు కుకీ ఒక్కటే ఆనవాలు కాదు. రెండు ప్రొఫైళ్లూ ఒకే ఇంటర్నెట్ కనెక్షన్ వాడతాయి కాబట్టి సైట్లకు కనిపించే ఐపీ చిరునామా ఒకటే. ఆఫీసు వైఫైలో ఉన్నా, కంపెనీ వీపీఎన్ నడుస్తున్నా ఇంటి ప్రొఫైల్ రాకపోకలు కూడా ఆ దారినే వెళ్లే వీలుంది.

యంత్రం లక్షణాలు కూడా మారవు. తెర కొలత, అందులోని ఫాంట్లు, టైమ్‌జోన్, గ్రాఫిక్స్ చిప్ గీతలు గీసే తీరు, ఇవన్నీ కలిపితే ఒక రకమైన వేలిముద్ర తయారవుతుంది. 2010లో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్‌కు చెందిన పీటర్ ఎకర్స్‌లీ 4,70,161 బ్రౌజర్ల నుంచి ఈ వివరాలు సేకరించి పరిశీలించారు. వాటిలో 83.6 శాతం బ్రౌజర్ల వేలిముద్ర ఇంకే బ్రౌజర్‌తోనూ కలవలేదు.

ఆ అధ్యయనం ఈ వేలిముద్రలోని సమాచారాన్ని కనీసం 18.1 బిట్లుగా లెక్కగట్టింది. ఒక బిట్ సమాచారం తెలిస్తే అనుమానితుల గుంపు సగానికి తగ్గుతుంది. రెండో బిట్‌తో ఆ సగంలో సగం మిగులుతుంది. 18 సార్లు అలా సగం చేస్తే రెండున్నర లక్షల పైచిలుకు మందిలో ఒక్కరు మిగులుతారు. ఎకర్స్‌లీ లెక్క ప్రకారం ఒక బ్రౌజర్ వేలిముద్ర మహా అయితే మరో 2,86,777 బ్రౌజర్లలో ఒక్కదానితో కలవవచ్చు. ఆ తర్వాత బ్రౌజర్లు చాలా మారాయి. కొన్ని ఈ ఆనవాళ్లను మసకబార్చే ప్రయత్నం కూడా చేస్తున్నాయి. అయినా ఒకే యంత్రంలోని రెండు ప్రొఫైళ్లకు ఆ లక్షణాల్లో ఎక్కువ భాగం ఉమ్మడివే.

ఇంకో పరిమితి దొంగ ప్రోగ్రాములది. ప్రొఫైల్ ఫోల్డర్లన్నీ ఒకే కంప్యూటర్ లాగిన్ కింద ఉంటాయి. విండోస్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లకు ఇచ్చే రక్షణ సంప్రదాయంగా ఆ లాగిన్‌తోనే ముడిపడి ఉంది. కాబట్టి మీ లాగిన్ కింద నడిచే మాల్‌వేర్ ఒక ప్రొఫైల్‌లో ఆగాల్సిన పని లేదు, పక్క ఫోల్డర్‌లోకీ చెయ్యి పెడుతుంది. దీన్ని కష్టతరం చేయడానికి గూగుల్ 2024లో విండోస్ క్రోమ్‌లో కుకీలకు అదనపు ఎన్‌క్రిప్షన్ చేర్చింది. అది అడ్డంకే తప్ప ప్రొఫైళ్ల మధ్య గోడ కాదు.

ఇంట్లో నలుగురూ వాడే ల్యాప్‌టాప్‌కూ ఇదే మాట వర్తిస్తుంది. ప్రొఫైల్‌కు మామూలుగా తాళం ఉండదు. పిల్లవాడు ఆ గుండ్రని బొమ్మ నొక్కితే అమ్మ ఆఫీసు మెయిల్ తెరుచుకుంటుంది. అలాంటి ఇంట్లో విండోస్‌లోనో, మ్యాక్‌లోనో, లినక్స్‌లోనో ఒక్కొక్కరికీ పాస్‌వర్డ్‌తో వేరే యూజర్ ఖాతా తెరవడమే సరైన పద్ధతి.

ఇన్‌కాగ్నిటో విండో దీనికి ప్రత్యామ్నాయం కాదు. అది తాత్కాలిక సంచి, మూసేయగానే ఖాళీ అవుతుంది. ప్రతి ఉదయం అన్ని సైట్లలోకీ మళ్లీ లాగిన్ కావాలి. పైగా అది చరిత్రను దాచేది ఈ కంప్యూటర్ వాడే మిగతావారి నుంచి మాత్రమే. సైట్లకు, నెట్‌వర్క్‌కు, యాజమాన్యానికి కనిపించేది కనిపిస్తూనే ఉంటుంది.

యంత్రం ఎవరిది?

గీత ఎక్కడ గీయాలన్నది చివరికి ఈ ప్రశ్న మీదే ఆధారపడుతుంది. సొంత ల్యాప్‌టాప్‌లో ఆఫీసు ఖాతాతో ప్రొఫైల్ తెరిస్తే, ఆ ఖాతా ద్వారా వచ్చే కంపెనీ నియమాలు ఆ ప్రొఫైల్‌కే వర్తిస్తాయి. ఫలానా ఎక్స్‌టెన్షన్ ఉండాలి, ఫలానా సైటు తెరవకూడదు వంటివి. మెనూలో "మీ సంస్థ నిర్వహిస్తోంది" అనే అర్థం వచ్చే వాక్యం కనిపిస్తుంది. ఇంటి ప్రొఫైల్ స్వేచ్ఛగానే ఉంటుంది. ఇలాంటి చోట ప్రొఫైల్ నిజంగా పనికొస్తుంది.

కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్ సంగతి వేరు. అక్కడ నియమాలు యంత్రం మొత్తానికి ఉంటాయి. పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్ బ్రౌజర్ కింది అంతస్తులో కూర్చుంటుంది. కంపెనీ తన సొంత డిజిటల్ సర్టిఫికెట్‌ను యంత్రంలో పెట్టి ఉంటే, తాళం గుర్తు ఉన్న సైట్ల రాకపోకలను కూడా మధ్యలో విప్పి చూడగలదు. అక్కడ ఇంటి ప్రొఫైల్ తెరిచినా అది యజమాని గదిలో వేసుకున్న తెర లాంటిదే. చట్టం కూడా యాజమాన్యానికి కొంత వీలు ఇచ్చింది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలోని సెక్షన్ 7, ఉద్యోగ అవసరాల కోసం, సంస్థను నష్టం నుంచి కాపాడుకోవడం కోసం వ్యక్తిగత డేటాను వాడుకోవడాన్ని చట్టబద్ధమైన ఉపయోగాల జాబితాలో చేర్చింది.

కాబట్టి కంపెనీ ల్యాప్‌టాప్‌లో ఆరోగ్యం, బ్యాంకు, కుటుంబ విషయాలకు ప్రొఫైల్‌ను నమ్ముకోవడం కన్నా సొంత ఫోన్ తీయడం మేలు. సంస్థకూ అదే క్షేమం. తన ల్యాప్‌టాప్‌లలోని క్రోమ్‌లో వ్యక్తిగత గూగుల్ ప్రొఫైల్‌తో లాగిన్ కాకుండా ఓక్టా ఆ ఘటన తర్వాత అడ్డుకట్ట వేసింది.

ఫోన్‌లో ఈ విభజన ఇంకో స్థాయిలో జరుగుతుంది. ఆండ్రాయిడ్‌లో 2014 నుంచి 'వర్క్ ప్రొఫైల్' ఉంది. కంపెనీ దాన్ని ఏర్పాటు చేస్తే ఆఫీసు యాప్‌లు చిన్న బ్రీఫ్‌కేస్ గుర్తుతో విడిగా కనిపిస్తాయి. సొంత ఫోన్‌లో అయితే ఇటువైపు యాప్‌లు, ఫొటోలు కంపెనీ చేతికి అందవు. సాయంత్రం ఆ భాగాన్ని మొత్తంగా ఆపేసే మీట కూడా ఉంది. విడదీసేది ఆపరేటింగ్ సిస్టమే కాబట్టి ఈ గోడ బ్రౌజర్ ప్రొఫైల్ కన్నా గట్టిది.

మనసుకూ ఒక గడప

విడదీయడం భద్రత కోసం మాత్రమే కాదు. సామాజిక శాస్త్రవేత్త క్రిస్టీనా నిప్పర్ట్-ఎంగ్ 1996లో ప్రచురించిన 'హోమ్ అండ్ వర్క్' పుస్తకంలో మనుషులు ఇంటినీ పనినీ ఎలా కలుపుకుంటారో, ఎలా వేరుపెట్టుకుంటారో పరిశీలించారు. అందుకు ఆమె చూసినవి క్యాలెండర్లు, తాళాల గుత్తుల వంటి మామూలు వస్తువులు. కొందరు రెండింటినీ ఒకే గుత్తిలో ఉంచుతారు, కొందరు వేరు వేరు గుత్తులు పెట్టుకుంటారు. చాలామంది ఈ రెండు కొసల మధ్య ఎక్కడో ఉంటారు.

2009లో సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు ఇంకో కోణం చూపారు. ఒక పని పూర్తికాకుండా రెండో పనికి మారితే మన ధ్యాస కొంత మొదటి దాని దగ్గరే ఉండిపోతుంది. దాన్ని ఆమె ధ్యాస అవశేషం అన్నారు. అది రెండో పని నాణ్యతను దెబ్బతీస్తుంది. ఈ పరిశోధనలు బ్రౌజర్ల గురించి చేసినవి కావు. అయినా పని ముగిశాక ఆఫీసు ప్రొఫైల్ కిటికీని మూసేస్తే 30 ట్యాబ్‌లు ఒక్కసారిగా కళ్ల ముందు నుంచి తప్పుకుంటాయి. ఆఫీసుకు ప్రయాణం లేని ఇంట్లో అదొక గడప దాటడం లాంటిది.

మొదలుపెట్టేవారికి

క్రోమ్‌లోనో, ఎడ్జ్‌లోనో పైన ఉండే గుండ్రని బొమ్మ నొక్కి కొత్త ప్రొఫైల్ చేర్చడానికి రెండు నిమిషాలు చాలు. ఆఫీసు దానికి ఒక ముదురు రంగు, ఇంటి దానికి పూర్తిగా వేరైన రంగు ఇవ్వాలి. హడావిడిలో మనం పేరు చదవం, రంగే చూస్తాం.

ఆఫీసు ప్రొఫైల్‌లో ఆఫీసు ఖాతాతో తప్ప సింక్ ఆన్ చేయకూడదు. ఎక్స్‌టెన్షన్‌లు పనికి తప్పనిసరైనవే ఉండాలి. మెయిల్ యాప్‌లోనో, చాట్‌లోనో నొక్కిన లింకు మామూలుగా చివరిసారి వాడిన ప్రొఫైల్‌లో తెరుచుకుంటుంది. తప్పు గదిలోకి అడుగుపెట్టేది చాలాసార్లు ఇక్కడే. లాగిన్ పేజీ కనిపించగానే ఒకసారి కిటికీ రంగు చూడటం అలవాటు చేసుకోవాలి. బ్రౌజర్‌లోనే ఉన్న లింకు అయితే దాని మీద కుడి క్లిక్ చేసి వేరే ప్రొఫైల్‌లో తెరిచే వీలు క్రోమ్‌లో ఉంది.

ఇప్పటిదాకా అంతా కలిపి వాడినవారికి ఒక శుభ్రపరిచే పని మిగులుతుంది. కొత్త ప్రొఫైల్ తెరిచినంత మాత్రాన పాతదాంట్లో చేరినవి పోవు. వ్యక్తిగత గూగుల్ ఖాతాలోని పాస్‌వర్డ్ మేనేజర్ తెరిచి, అందులో ఆఫీసు సైట్ల పేర్లు ఉన్నాయేమో చూడాలి. ఉంటే ఆ పాస్‌వర్డ్‌లను ముందు ఆఫీసు వ్యవస్థలో మార్చి, తర్వాత ఇక్కడ తుడిచేయాలి. అలాగే ఆఫీసు ఖాతా సింక్‌లో ఇంటి బ్యాంకు పాస్‌వర్డ్ ఉందేమో వెతకాలి. ఉద్యోగం మారిన రోజున ఆ ఖాతా కంపెనీ దగ్గరే ఉండిపోతుంది, అందులో దాచుకున్నవి కూడా దానితోపాటే.